పదిహేను మీటర్లు

1987 సెప్టెంబరు 19. మెల్‌బోర్న్ నగర శివార్లలోని వేవర్లీ పార్క్ మైదానం జనంతో కిటకిటలాడుతోంది. ఆట ముగియడానికి ఇక క్షణాలే మిగిలాయి. మెల్‌బోర్న్ క్లబ్బు జట్టు హాథోర్న్ జట్టుకంటే నాలుగు పాయింట్లు ముందుంది. ఆ కాసిని క్షణాలూ గడిచిపోతే ఇరవై మూడేళ్ళ తరువాత మెల్‌బోర్న్ జట్టు మళ్ళీ ఫైనల్లో అడుగు పెడుతుంది.

ఆ జట్టు నాయకుడు రాబీ ఫ్లవర్ ఈ ఘడియ కోసం పదిహేను సీజన్లుగా నిరీక్షించాడు. బక్కపలచని మనిషి, అసామాన్యమైన ఆటగాడు. కాని అతడు చేరిన నాటినుంచి అతడి జట్టు ఏనాడూ నాకౌట్ దశ ముఖమైనా చూడలేదు. చూసింది ఆ ఏడాదే. అది అతడి 272వ మ్యాచ్. ఇక ఒకే ఒక్క మెట్టు.

అప్పుడు హాథోర్న్ ఆటగాడు గ్యారీ బకెనారాకు ఫ్రీ కిక్ లభించింది. గోలు స్తంభాలు యాభై మీటర్లకు పైగా దూరంలో ఉన్నాయి. ఇంతలో ఆట ముగిసినట్లు సైరన్ మోగింది. అయినా నియమం ప్రకారం సైరన్‌కు ముందు లభించిన కిక్‌ను ఆ తరువాత తీసుకోవచ్చు. అంత దూరంనుంచి, ఆ ఒత్తిడిలో గోలు సాధించడం దుస్సాధ్యం కాకపోయినా కష్టమే. మెల్‌బోర్న్ అభిమానుల ఆశలన్నీ ఆ దూరం మీదనే నిలిచి ఉన్నాయి.

సరిగా అదే సమయంలో మెల్‌బోర్న్ ఆటగాడొకడు తన ప్రత్యర్థిని వెంబడిస్తూ బకెనారా ఎదుటినుంచి అడ్డంగా పరుగెత్తాడు. కిక్ తీసుకునేవాడికీ, అతడి ఎదుట కాపలాగా నిలిచినవాడికీ నడుమ ఉన్న జాగాలోకి మరొకడు ప్రవేశించకూడదు. ప్రవేశిస్తే పదిహేను మీటర్ల జరిమానా. అంపైరు చేయి చూపాడు. బకెనారా పదిహేను మీటర్లు ముందుకు నడిచాడు. నింపాదిగా తన్నాడు. బంతి రెండు స్తంభాల మధ్యనుంచి సూటిగా దూసుకుపోయింది. ఆరు పాయింట్లు. హాథోర్న్ 80, మెల్‌బోర్న్ 78.

రాబీ ఫ్లవర్ మరి ఆడలేదు. అదే అతడి చివరి మ్యాచ్.

అడ్డంగా పరుగెత్తిన ఆ ఇరవై ఒకటేళ్ళ యువకుడి పేరు జిమ్ స్టైన్స్. దాదాపు ఆరున్నర అడుగుల ఎత్తు. మూడేళ్ళ క్రితం వరకూ అతడు ఈ ఆట ఆడినవాడు కాడు.

ఆస్ట్రేలియా అనగానే మనకు స్ఫురించేది క్రికెట్టు. 1981లో కపిల్ దేవ్ ఐదు వికెట్లు తీసి, ఆస్ట్రేలియాను 83 పరుగులకే కూల్చి భారత జట్టును గెలిపించిన మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం మన పాఠకులకు సుపరిచితమే. అయితే చలికాలం రాగానే ఆ మైదానమే మరొక ఆటకు ఆటపట్టవుతుందనీ, ఆ నగరవాసులు ప్రాణం పెట్టేది ఆ రెండవ ఆటమీదనేననీ మనలో ఎందరికి తెలుసు? 1859లో మెల్‌బోర్న్ క్లబ్బువారే దాని తొలి నియమాలను రాసుకున్నారు. జట్టుకు పద్దెనిమిది మంది. మైదానం అండాకారం, బంతీ అండాకారమే. ఒక్కొక్క కొసన నాలుగేసి స్తంభాలు. నడిమి రెండింటి మధ్యనుంచి తన్నితే ఆరు పాయింట్లు, పక్క సందుల్లోనుంచి పోతే ఒకటి. బంతిని చేత్తో విసరకూడదు. ఒక అరచేతిలో ఉంచుకుని రెండవ చేతి పిడికిలితో గుద్ది అందించాలి. తన్నిన బంతిని గాలిలో ఉండగానే పట్టుకున్నవాడికి నిరాటంకంగా తన్నే హక్కు లభిస్తుంది. దానినే ‘మార్క్’ అంటారు. ఆ హక్కును గౌరవించి ఆగడం ఈ ఆటకు ప్రాణం వంటిది. ఆ ఆగడమే స్టైన్స్‌కు తెలియలేదు.

ఎందుకు తెలియలేదో చెప్పాలంటే అతడి పుట్టిన ఊరికి వెళ్ళాలి. జిమ్ స్టైన్స్ 1966 ఏప్రిల్ 23న ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌లో జన్మించాడు. అక్కడి కుర్రవాళ్ళకు గేలిక్ ఫుట్‌బాల్ ఉగ్గుపాలతో అబ్బే ఆట. గుండ్రని బంతి, దీర్ఘచతురస్రాకారపు మైదానం, జట్టుకు పదిహేను మంది. చేతులూ కాళ్ళూ రెండూ వాడతారు గనుక దూరంనుంచి చూసేవాడికి ఆస్ట్రేలియా ఆటకు తోబుట్టువులా కనిపిస్తుంది. కాని ఆనాటి గేలిక్ ఆటలో ‘మార్క్’ లేదు. బంతిని పట్టినవాడు ఆగడు, వాడి చుట్టూ ఉన్నవాళ్ళూ ఆగరు. నీకు అప్పగించిన మనిషిని నీడలా వెంబడించడమే అందులో ధర్మం. 1984 సెప్టెంబరులో డబ్లిన్ బాలుర జట్టు అఖిల ఐర్లండ్ విజేత అయింది. ఆ జట్టులో స్టైన్స్ ఒకడు.

ఆ దినాల్లోనే మెల్‌బోర్న్ క్లబ్బు ఐర్లండ్ యువకుల కోసం పత్రికా ప్రకటన ఇచ్చింది. ఎంపికైనవారికి ఆస్ట్రేలియాలో ఉచితంగా ఉన్నత విద్య, వసతి, కొద్దిపాటి భత్యం. ప్రతిఫలంగా కొత్త ఆట నేర్చుకోవాలి. ఈ ఆలోచన వెనుక ఉన్నవాడు ఆనాటి కోచ్ రాన్ బరాసి. 1964లో మెల్‌బోర్న్ చివరిసారి కప్పు గెలిచినప్పుడు ఆ జట్టు నాయకుడు అతడే. ఇరవై ఏళ్ళ కరువును తీర్చే మొలక సొంత నేలమీద దొరకక, భూగోళానికి ఆవలి కొసన వెతికించాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. అప్పటికే షాన్ వైట్ అనే కుర్రవాడు ఐర్లండ్‌నుంచి వచ్చి నిలదొక్కుకుంటున్నాడు. 1984 నవంబరులో, పద్దెనిమిదేళ్ళ వయసులో, స్టైన్స్ విమానం ఎక్కాడు.

ఆనాడు ఆ లీగ్‌లో ఆడేవారిలో చాలామందికి పగలు వేరే ఉద్యోగం ఉండేది. సాయంత్రాలు సాధన, వారాంతంలో మ్యాచ్. స్టైన్స్ పగలు ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదువుకున్నాడు, సాయంత్రం కోడిగుడ్డు ఆకారపు బంతితో కుస్తీ పట్టాడు. అది నేలమీద పడితే ఎటు ఎగురుతుందో తెలియదు. తన్నితే ఎటు వంకర తిరుగుతుందో తెలియదు. ముందు క్లబ్బు బాలుర జట్టులో, ఆ తరువాత రెండవ శ్రేణి పోటీల్లో ప్రాహ్రాన్ అనే జట్టులో ఆడి, 1987లో ప్రధాన జట్టులోకి వచ్చాడు. మూడేళ్ళలో కిక్ నేర్చాడు, పిడికిలి దెబ్బ నేర్చాడు, నియమావళి ఆసాంతం కంఠతా పట్టాడు. పరాయి భాషలో నిష్ణాతుడైనవాడు సైతం కాలికి ముల్లు గుచ్చుకున్నప్పుడు ‘అమ్మా’ అని తన భాషలోనే అరుస్తాడు. వేవర్లీ పార్కులో సైరన్ మోగిన క్షణాన స్టైన్స్ కాళ్ళు మాట్లాడింది డబ్లిన్ భాష.

అది సమాధానమే గాని సమర్థన కాదు. మ్యాచ్ ముగిశాక విశ్రాంతి గదిలో కోచ్ జాన్ నార్తీ అతడి ముఖానికి వేలు చూపి మందలించిన దృశ్యం కెమెరాలకు చిక్కింది. ఏళ్ళ తరబడి ఆ దృశ్యాన్ని జనం చూస్తూనే ఉన్నారు. హాథోర్న్ జట్టు మరుసటి వారం ఫైనల్లో కార్ల్‌టన్ చేతిలో ఓడిపోయిందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు. గుర్తుండిపోయినది స్టైన్స్ పరుగొక్కటే. జనస్మృతికి న్యాయాన్యాయాల పట్టింపు తక్కువ.

ఆ సీజను ముగిశాక అతడు యూరప్ వెళ్ళాడు. డబ్లిన్‌లో ఇల్లుంది, కన్నవారున్నారు, బాల్యంనుంచి తెలిసిన ఆట ఉంది. అక్కడే ఉండిపోతే అడిగేవాడు లేడు. కొన్నేళ్ళకు ఆ కథను ఐర్లండ్‌లో ఎవరూ ఎరిగి ఉండరు కూడా. అతడు తిరిగి వెళ్ళాడు. ఈ జీవితకథలో విశేషమంతా ఆ తిరుగు ప్రయాణంలోనే ఉంది. తరువాతి సన్మానాలన్నీ దాని వెంట వచ్చినవే.

మరుసటి ఏడాది మెల్‌బోర్న్ నిజంగానే ఫైనల్‌కు చేరింది. ప్రత్యర్థి మళ్ళీ హాథోర్న్. ఈసారి ఏ ఒక్కడి తప్పూ వెతుక్కోవలసిన అవసరం లేకుండా 96 పాయింట్ల తేడాతో చిత్తుగా ఓడింది. ఫైనళ్ళలో అప్పటికి అంత పెద్ద తేడా ఎన్నడూ లేదు. ఇంకొక ముచ్చట: ఆ 1988లోనే పదిహేను మీటర్ల జరిమానాను యాభై మీటర్లు చేశారు.

స్టైన్స్ ఆడే స్థానాన్ని ‘రక్’ అంటారు. ఆనాడు ఆట మొదలైనప్పుడూ, ప్రతి గోలు తరువాతా అంపైరు మైదానం నడుమ బంతిని నేలకేసి కొట్టేవాడు. అది పైకి లేవగానే రెండు జట్లనుంచి చెరొక పొడగరి పరుగెత్తుకొచ్చి గాలిలోకి ఎగిరి, దానిని తనవాళ్ళ వైపు తట్టాల్సి ఉండేది. మోకాలికి మోకాలు, ఛాతీకి ఛాతీ గుద్దుకుంటాయి. ఒక్క మ్యాచ్‌లో ఇలా ఎన్నిసార్లో! ఈ పని చేసే భారీకాయులు బంతిని తట్టి ఆయాసం తీర్చుకోవడం ఆనాటి రివాజు. స్టైన్స్ బంతిని తట్టాక ఆగేవాడు కాదు. దాని వెంట పరుగెత్తేవాడు. ఆ కొసనా, ఈ కొసనా, సన్నని కుర్రవాళ్ళతో సమానంగా, నాలుగు భాగాల ఆట పొడవునా పరుగెత్తేవాడు. గేలిక్ ఆటలో పుట్టిన ఆగని నడకే ఇది. 1987లో అతడిని ముంచిన అలవాటే ఇప్పుడు ప్రత్యర్థులను ముంచింది.

ఆ లీగ్‌లో అత్యున్నత వ్యక్తిగత పురస్కారం బ్రౌన్‌లో పతకం. 1924 నుంచి ఇస్తున్నారు. దానికి విజేతను నిర్ణయించేది పత్రికలవారూ కాదు, ప్రేక్షకులూ కాదు, అంపైర్లు. ప్రతి మ్యాచ్ ముగిశాక వాళ్ళు ముగ్గురు ఉత్తమ ఆటగాళ్ళకు మూడు, రెండు, ఒకటి చొప్పున ఓట్లు వేసి కవరులో భద్రం చేస్తారు. దుష్ప్రవర్తనకు నిషేధం పడ్డవాడు ఎంత గొప్ప ఆటగాడైనా అనర్హుడు. 1991లో ఆ కవర్లు విప్పి లెక్కించినప్పుడు 25 ఓట్లతో గెలిచినవాడు జిమ్ స్టైన్స్. నాలుగేళ్ళ క్రితం అతడి నియమోల్లంఘనకు చేయి చూపిన వృత్తివారే, అంపైర్లే, అతడిని ఆ ఏటి మేటిగా, సత్ప్రవర్తకుడిగా ఎంచారు. ఐర్లండ్‌లో ఆట నేర్చి వచ్చినవాడికి ఆ పతకం దక్కడం అదే మొదలు.

పతకంకంటే ఆశ్చర్యకరమైనది మరొకటి ఉంది. రిచ్‌మండ్ క్లబ్బుకు చెందిన జాక్ టైటస్ 1943 వరకూ ఒక్కటీ మానకుండా వరుసగా 202 మ్యాచ్‌లు ఆడాడు. అర్ధశతాబ్దం పాటు ఆ సంఖ్యను ఎవరూ దాటలేదు. ఎముకలు విరగడం మామూలైన ఆట అది. స్టైన్స్ దానిని 1996లో దాటి, 1998లో చేయి విరిగి ఆగేనాటికి 244కు చేర్చాడు. నడుమ 1993లో సొంత జట్టువాడే ఢీకొని పక్కటెముకల దగ్గర తీవ్రంగా గాయపడ్డాడు. వారాల తరబడి విశ్రాంతి తప్పదని అందరూ అనుకున్నారు. అతడు సహచరులను పిలిచి, వచ్చి తనను గుద్దమన్నాడు. వాళ్ళు గుద్దారు. నిలబడ్డాడు. ఆ వారం ఆడాడు. దీనిని ధైర్యం అనాలో, మొండితనం అనాలో వైద్యులే చెప్పాలి. మరొకరికి ఆదర్శంగా చూపదగిన పని మాత్రం కాదు.

ఆ 244 మ్యాచ్‌ల వరుస మొదలైనది ఎప్పుడో గమనించదగినది. 1987 సీజను చివరి వారాల్లో. అంటే వేవర్లీ పార్కు మ్యాచ్ కూడా అందులోనే ఉంది. ఆ పరాభవం తరువాత పదేళ్ళకు పైగా, తన జట్టు మైదానంలో దిగిన ప్రతి వారం అతడూ దిగాడు. మొత్తం 264 మ్యాచ్‌లు, 130 గోళ్ళు. క్లబ్బులో ఆ యేటి ఉత్తమ ఆటగాడి బహుమతి నాలుగుసార్లు. కప్పు మాత్రం ఒక్కసారీ అందలేదు. అతడి తమ్ముడు బ్రయన్ 1992లో మెల్‌బోర్న్ తరఫున రెండే మ్యాచ్‌లు ఆడి, ఇంటికి వెళ్ళిపోయి, 1995లో డబ్లిన్ జట్టుతో అఖిల ఐర్లండ్ కప్పు గెలిచాడు. అన్నకు అక్కడే ఉండిపోతే ఏమయ్యేదో అన్న తలంపు ఆనాడు రాకుండా ఉంటుందా?

ఆటగాడిగా ఉండగానే, 1994లో, చలనచిత్ర దర్శకుడు పాల్ కరీతో కలిసి స్టైన్స్ ‘రీచ్’ అనే సంస్థను స్థాపించాడు. అది యువతరం కోసం. చదువులో వెనుకబడినవాడు, ఇంట్లో పొసగనివాడు, బతుకుమీద విరక్తి పుట్టినవాడు, పైకి అన్నీ ఉండి లోపల ఏమీ లేనివాడు - అందరినీ ఒక గదిలో వలయంగా కూర్చోబెట్టి మాట్లాడించడం అక్కడి పద్ధతి. ఉపన్యాసాలు ఉండవు. పెద్దవాళ్ళకంటే వాళ్ళ ఈడువాళ్ళే ఎక్కువగా నడిపిస్తారు. స్టైన్స్ తన చేతికి ఎప్పుడూ అందుబాటులో ఉన్న కథను వాడుకున్నాడు. దేశమంతా చూస్తుండగా తాను ఎలా తప్పు చేశాడో దాచకుండా చెప్పేవాడు. బ్రౌన్‌లో పతకం చూసి వచ్చిన పిల్లలు పదిహేను మీటర్ల కథ విన్నారు. గెలిచినవాడి మాటలకు చప్పట్లు కొట్టే పిల్లలు ఓడినవాడి మాటలకు నోరు విప్పుతారని ఉపాధ్యాయ శిక్షణ పొందిన ఆ మనిషికి తెలిసి ఉండాలి. అతడిని 2001లోనూ, 2003లోనూ విక్టోరియా రాష్ట్రం ఆ ఏటి ఉత్తమ పౌరుడిగా గౌరవించింది.

ఈలోగా పాత క్లబ్బు అప్పుల్లో కూరుకుపోయింది. 1996లోనే పరిస్థితి ఎంత దిగజారిందంటే, మెల్‌బోర్న్ జట్టును మరొక జట్టులో కలిపివేసే ప్రతిపాదన సభ్యుల ఓటుదాకా వచ్చింది. ఆ మరొక జట్టు హాథోర్నే! మెల్‌బోర్న్ సభ్యులు సరేనన్నారు; హాథోర్న్ సభ్యులు కాదన్నారు గనుక ఆ క్లబ్బు పేరు మిగిలింది. 2008లో స్టైన్స్ అధ్యక్ష పదవి స్వీకరించేనాటికి అప్పు దాదాపు 50 లక్షల డాలర్లు. విందులు పెట్టాడు, చందాలు అడిగాడు, పాత సభ్యుల తలుపులు తట్టాడు.

2009 జూలైలో విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ సోకిందని చెప్పాడు. మెలనోమా అనే చర్మపు క్యాన్సర్. వీపుమీద ఒక గడ్డగా బయటపడి, శరీరంలో వ్యాపించి, మెదడుకు పాకింది. ఎన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. గుండు చేయించుకున్న తలమీద కుట్లతోనే క్లబ్బు సమావేశాలకు వచ్చేవాడు. 2010 ఆగస్టులో అప్పు తీరిపోయిందని ప్రకటించాడు.

అధ్యక్షుడిగా అతడి కాలం అన్నివిధాలా సఫలమైందని చెబితే అది స్తోత్రపాఠమవుతుంది. మైదానంలో జట్టు తీరు అధ్వాన్నంగా ఉండేది. 2011లో జీలాంగ్ చేతిలో 186 పాయింట్ల తేడాతో ఓడిన మర్నాడో ఆ మర్నాడో కోచ్‌ను తొలగించారు. మంచి కుర్రవాళ్ళను ఎంచుకునే వంతు ముందుగా రావడం కోసం 2009లో జట్టు కావాలని ఓడిందన్న ఆరోపణపై లీగ్ విచారణ జరిపింది. క్లబ్బు ఆ పని చేసిందని తేల్చలేదు. అయినా 2013లో 5 లక్షల డాలర్ల జరిమానా విధించింది. అప్పటికి స్టైన్స్ లేడు.

బరాసి ఐర్లండ్‌నుంచి రప్పించి నాటిన మొలకల్లో చెట్లయినవి రెండు. షాన్ వైట్ 150 మ్యాచ్‌లు ఆడి, 2011 జూన్‌లో నలభై ఏడవ ఏట ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో మరణించాడు. స్టైన్స్ 2012 ఫిబ్రవరిలో అధ్యక్ష పదవినుంచి తప్పుకుని, మార్చి 20న తన ఇంట్లో కన్నుమూశాడు. నలభై ఆరేళ్ళు నిండలేదు. విక్టోరియా ప్రభుత్వం అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో చోటు చాలక, ఎదుటి ఫెడరేషన్ స్క్వేర్‌లో వేలమంది నిలబడి పెద్ద తెరమీద చూశారు.

మెల్‌బోర్న్ క్రికెట్ మైదానం వెలుపల అతడి విగ్రహం ఉంది. యారా నది ఒడ్డున పాదచారుల వంతెనకు అతడి పేరు పెట్టారు. 2021 సెప్టెంబరు 25న, కోవిడ్ కారణంగా సొంత ఊరికి ఎంతో దూరాన పెర్త్‌లో జరిగిన ఫైనల్లో మెల్‌బోర్న్ జట్టు 57 ఏళ్ళ తరువాత కప్పు గెలిచింది. దానిని పైకెత్తిన నాయకుడు మాక్స్ గాన్ కూడా రక్ స్థానంలో ఆడే పొడగరి. స్టైన్స్ అధ్యక్షుడుగా ఉన్న రోజుల్లో క్లబ్బులోకి వచ్చిన కుర్రవాడు. అతడి వీపుమీద ఉన్న అంకె 11. స్టైన్స్ ధరించిన అంకె అదే.